పొడి చేతులు

మినప్పప్పు కడగడం చూసేవాళ్ళకు పనిలాగా కనబడదు. నానిన పప్పును రెండు చేతులా రుద్దాలి. పొట్టు పైకి తేలితే ఆ నీళ్ళు వంచి, మళ్ళీ నీళ్ళు పోసి, మళ్ళీ రుద్దాలి. పప్పు తెల్లబడేదాకా అదే. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి నేను చేసింది అదే. చిట్యాలలో విజయవాడ రోడ్డు పక్కన మా హోటల్. రేకుల కప్పు, ముందర బల్లలు, వెనక నేను. బోర్డు మీద మా ఆయన దశరథం పేరు పెద్దక్షరాలతో రాయించారు. పప్పు అయ్యాక బియ్యం, బియ్యం అయ్యాక రోలు, రోలు అయ్యాక లారీలవాళ్ళు తిన్న పళ్ళేలు, గ్లాసులు, మసిపట్టిన గిన్నెలు. తెల్లారి లేచింది మొదలు పొయ్యి ఆర్పేదాకా నా చేతులు నీళ్ళలోనే ఉండేవి. ఎవరైనా అడిగితే మా అత్త నర్సింగమ్మ, "మా కోడలా? ఏం జేస్తది, ఇంట్లనే ఉంటది" అనేది.

ముందు వేళ్ళ సందులు తెల్లగా నాని చీలాయి. తర్వాత గోళ్ళ చుట్టూ ఎర్రగా ఉబ్బి, నొక్కితే చీము వచ్చేది. చివరికి గోళ్ళు నల్లబడి, గరుకుగా పైకి లేచాయి. కారం తగిలితే ప్రాణం పోయినట్టుండేది. పసుపు పెట్టుకున్నాను, వేపాకు నూరి పెట్టుకున్నాను. పెట్టుకున్న చెయ్యి మళ్ళీ నీళ్ళలోనే ముంచాలి కదా, ఏ మందు నిలుస్తుంది? ఇంత జరుగుతున్నా నా వేళ్ళు ఇంట్లో ఎవరికీ కనబడలేదు. ఒకరోజు రద్దీలో నేనే వడలు తెచ్చి బల్ల మీద పెడితే ఒక లారీ డ్రైవరుకు కనబడ్డాయి. "ఛీ! గా చెయ్యేంది? గా చేతితోని పెడితే ఎట్ల తింటరు?" అని పళ్ళెం తోసేసి లేచిపోయాడు. మరునాడే మా ఆయన నన్ను నల్గొండ బస్సెక్కించాడు. నా నొప్పికి కదలని మనిషి ముక్కూమొహం తెలియని డ్రైవరు అసహ్యానికి కదిలాడు.

అక్కడ చర్మం డాక్టరు నా చేతులు దీపం కింద పెట్టి చూశాడు. నన్నేమీ అడగలేదు, అన్నీ మా ఆయన్నే అడిగాడు. మా ఆయన కూడా ఆ వేళ్ళు తనవే అన్నట్టు జవాబులు చెప్పాడు. "నువ్వు వోయి బయట కూసో, పిల్ల ఏడుస్తాంది" అని మా ఆయనంటే నేను బయటికి వచ్చి మా కూతురు స్వరూపను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి ఆయన తెల్ల గోలీలతో వచ్చాడు.

"రోజుకొకటి మింగాలె" అన్నాడు.

"ఇంకేమన్నడు డాక్టరు?"

"ఇంకేమంటడు? మింగమన్నడు, గంతే."

గోలీలు పనిచేశాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి, నెల తిరిగేసరికి గోరు మొదట్లో గులాబి రంగు కనబడింది. నాకు ఏడుపొచ్చినంత సంతోషమైంది. గోలీలు ఆపగానే మళ్ళీ ఉబ్బింది. దాంతో మా ఆయన మళ్ళీ డాక్టరు దగ్గరికి పోయే పని పెట్టుకోకుండా చెన్నయ్య మందుల దుకాణంలో అవే గోలీలు తేవడం మొదలుపెట్టాడు. గల్లాపెట్టెలో దాచి, రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒకటి నా చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడేవాడు. ఎద్దుకు లాడం కొట్టించినవాడికి ఎద్దు మీద ఉండే శ్రద్ధ అది. నేను దాన్ని ప్రేమనుకున్నాను. అట్లా ఏడాది దాటిపోయింది.

ఆ ఏడాదిలో నేను ఎప్పుడు మారిపోయానో నాకే తెలియదు. మే నెలలో, పొయ్యి ముందర, చలి పుట్టేది. రోడ్డు మీద తారు కరుగుతుంటే నేను దుప్పటి కప్పుకుని వడలు వేసేదాన్ని. హోటల్‌కు వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. మొహం ఉబ్బింది, కనురెప్పలు బరువెక్కాయి, దువ్వెన నిండా వెంట్రుకలు వచ్చేవి. నెలసరి వస్తే ఆగేది కాదు. గొంతు బొంగురుపోయి మగమనిషి గొంతులాగా తయారైంది. అన్నిటికన్నా ఘోరం నిద్ర. రోట్లో పప్పు తిప్పుతూ తిప్పుతూ నిద్రపోయేదాన్ని. ఉప్పు వేశానో లేదో గుర్తుండేది కాదు. కూర్చుంటే లేవాలంటే నా ఒంటిని నేనే ఈడ్చుకోవాలి. నాలోంచి ఎవరో రోజుకింత ప్రాణం తోడుకుపోతున్నారని చెప్పుకుందామంటే వినే మనిషి లేదు.

మా వీధిలో ఇక్బాల్ బీ అని గాజులమ్ముకునే ఆవిడ ఉండేది. బతుకమ్మ పండక్కి గాజులు వేయడానికి వచ్చి, నా చెయ్యి పట్టుకుని ఎంత నొక్కినా పాత సైజు ఎక్కలేదు. సబ్బు రాసినా ఎక్కలేదు. రెండు గాజులు పగిలి నా చెయ్యి గీరుకుపోయింది. "ఏందే అండాలూ, కడుపుతోని ఉన్నప్పుడు గూడ నీకు గిది ఎక్కింది గదా. గీ వాపేంది?" అంది. నేను జవాబు చెప్పేలోపే మా అత్త అందుకుంది. "నీళ్ళక్కా, నల్గొండ నీళ్ళు. ఎవరికి కాళ్ళు పట్టుకపోతలేవు? ఎవరికి నడుములు వంగుతలేవు? దీనికి ఒంటికి పట్టింది."

అది నిజం కాదని ఎవరంటారు? మా తట్టు ఊళ్ళలో బోరు నీళ్ళలోని ఫ్లోరైడుకు పళ్ళు పచ్చబడి, మోకాళ్ళు వంకరపోయి, పాతికేళ్ళకే కర్ర పట్టుకున్నవాళ్ళు ఇంటికొకరు. అందుకని మాకు ఏ రోగమొచ్చినా నీళ్ళ మీదికే పోతుంది బుద్ధి. నేను కూడా అదే నమ్మాను. మా ఆయన మాత్రం నా పని మందగించిందని కొట్టేటప్పుడు నీళ్ళ మాట ఎత్తేవాడు కాదు. "గవ్వే నీళ్ళు మా అమ్మ తాగుతలేదా? నేను తాగుతలేనా? నీకు కొవ్వు వట్టింది" అనేవాడు. మొదట చెంప మీద కొట్టేవాడు. తర్వాత జుట్టు పట్టుకుని రోటి మీంచి లేపడం మొదలైంది. రాలిపోయే జుట్టు కదా, గుప్పెడు ఆయన చేతిలోకే వచ్చేసేది, దాన్ని చూసి ఇంకా మండిపడి వీపు మీద తన్నేవాడు. ఒకసారి రోటి పొత్రంతో మోకాలి మీద కొట్టాడు. నేను అరిచాను, బొంగురుగొంతులో ఆ అరుపు వీధిదాకా పోలేదు. నొప్పి కన్నా ఆ అరుపు బయటికి రానందుకే నాకు ఎక్కువ ఏడుపొచ్చింది.

ఆ చలికాలంలో కృష్ణానదికి దగ్గర్లోని మా తల్లిగారి ఊరు కొల్లాపూర్‌లో మా అమ్మ కాలు జారి పడి తుంటి విరగ్గొట్టుకుంది. చూసుకోవడానికి నన్ను పంపక తప్పలేదు. గోలీల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, అవి గల్లాపెట్టెలోనే ఉండిపోయాయి. అక్కడ మా వదిన గిన్నెలు తోమేది, నేను అమ్మకు అన్నం తినిపించి, కాళ్ళు పట్టేదాన్ని. రెండు మూడు వారాలు పోయాక ఒక పొద్దున లేచేసరికి నాకు ఆకలేసింది. ఎన్నాళ్ళయిందో! చలిలో దుప్పటి తీసేసి తిరిగాను. వాపు దిగింది. నా గొంతు నాకు వినబడి నేనే ఉలిక్కిపడ్డాను. మా అమ్మ మంచంలోంచే దండం పెట్టింది. "కిష్ణమ్మ తల్లి నీళ్ళు బిడ్డా! మీ చిట్యాల నీళ్ళే నిన్ను తింటున్నయి."

ఇంక నాకు అనుమానమెక్కడిది? తిరుగు ప్రయాణంలో రెండు ప్లాస్టిక్ డబ్బాల నిండా కృష్ణ నీళ్ళు పట్టుకుని, మూడు బస్సులు మారి, ఒళ్ళో పెట్టుకుని మోసుకొచ్చాను. బస్సులో జనం ఏదో మొక్కు అనుకున్నారు. ఇంటికొచ్చాక ఆ నీళ్ళు ఎవర్నీ ముట్టనివ్వలేదు. మధ్యాహ్నం మా ఆయన గోలీ ఇస్తే ఆ కృష్ణ నీళ్ళతోనే, కళ్ళకద్దుకుని మరీ మింగాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, నవ్వు వెనకే కడుపు మండుతుంది. డబ్బాల్లో నీళ్ళు అడుగంటేసరికి నా గొంతు మళ్ళీ బొంగురుపోయింది.

"కొల్లాపూర్ల దుంకులాడిందట, గీడికి రాంగనే మొద్దునిద్రట. తల్లిగారింట్ల లేని రోగం అత్తగారింట్లనే వస్తది" అంది మా అత్త. కృష్ణ నీళ్ళు తాగుతూ కూడా పడిపోయానంటే తప్పు నీళ్ళది కాదు, నాదే అనుకున్నాను. నిజంగానే నేను దొంగ వేషాలేస్తున్నానేమో, నా ఒళ్ళే అబద్ధమాడుతోందేమో అనిపించింది. దెబ్బలన్నీ ఒక ఎత్తు, నన్ను నేనే నమ్మకపోవడం ఒక ఎత్తు. నేను మందగించిన కొద్దీ నీళ్ళ తొట్టి దగ్గర మా స్వరూప చేరింది. అప్పుడు అది మూడో తరగతి. "పూటకిన్ని పళ్ళేలు కడుగుతే అరిగిపోదు. బడి మాన్పిస్తే పాయె" అంది మా అత్త. మా ఆయన తలూపాడు. దాన్ని తొట్టి దగ్గరి నుంచి లేపే ఓపిక నాకు లేకపోయింది.

చెయ్యి కాలింది ఆ వేసంగిలోనే. పొద్దున్నే నూనె మూకుడు ముందర కూర్చుని నిద్రపోయాను. వడలు బొగ్గయ్యాయి, పొగ ముందరి బల్లలదాకా పోయింది. మా ఆయన వచ్చాడు. నా ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని, నూనెలోంచి జల్లిగంటె తీసి, మోచేతి కింద ఆనించి పెట్టాడు. చర్మం చుయ్యిమన్న చప్పుడు విన్నాను. నూనె కాగిందో లేదో చూడడానికి పిండిచుక్క వేస్తే అదే చప్పుడొస్తుంది. నా నోరు తెరుచుకుంది గానీ అందులోంచి గాలే వచ్చింది. "ఇప్పుడన్న తెలివొచ్చిందా?" అన్నాడు. బయట ఎవరో రెండు చాయలు అడిగారు, ఆయన గంటె పెట్టేసి చాయలు పోయడానికి పోయాడు.

పుండు పాకి చెయ్యంతా ఉబ్బితే ఇక్బాల్ బీ చూసింది. మా ఆయన తనకు తీరిక లేదన్నాడు. "నీకు తీరిక లేకుంటే నాకున్నది. సచ్చిపోతే గాజులు ఎవరికి వెయ్యాలె నేను?" అని ఆవిడే నన్ను నల్గొండ పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ కోస్తా తట్టు మనిషి, మాటలు గబగబా వచ్చేవి. ఎట్లా కాలిందని అడిగింది. నూనె చిట్లిందన్నాను. ఆమె కాలిన మచ్చ మధ్య, గంటె చిల్లుల చోట వరుసలుగా మిగిలిన కాలని చుక్కల మీద కట్టు కట్టబోయి ఆగింది. "నూనె చిట్లితే ముగ్గు వేసినట్టు పడుతుందా అమ్మా?" అంది. ఆమె నా మొహం చూసింది, గొంతు విని మళ్ళీ మాట్లాడించింది, మెడ తడిమింది. నన్ను స్టూలు మీద మోకాళ్ళ మీద నిలబెట్టి మడమ వెనక చిన్న రబ్బరు సుత్తితో కొట్టింది. పాదం లేచింది గానీ, తీరుబడిగా కిందికి దిగింది. నా బతుకులో నన్ను కొట్టి, అందులోంచి ఒక సంగతి తెలుసుకున్న మనిషి ఆమే.

"ఏం మందులు వాడుతున్నావు?"

అలవాటు కొద్దీ పక్కకు చూశాను. జవాబు చెప్పడానికి మా ఆయన లేడు. ఇక్బాల్ బీకి తెలియదు. నేనే చెప్పాలి. గోళ్ళకు గోలీలని చెప్పాను. ఎన్నాళ్ళ నుంచి అంటే రెండేళ్ళు కావస్తోందన్నాను. మధ్యలో ఆపావా అంటే కొల్లాపూర్ సంగతి చెప్పాను. చెబుతుండగానే నా మాట నాకే అడ్డం తగిలింది. కొల్లాపూర్‌లో నీళ్ళు మారాయి, నిజమే. గోలీలు కూడా ఆగాయి కదా!

"రక్తం చూడకుండా ఖాయంగా చెప్పలేను" అంది డాక్టరమ్మ. "గొంతు ముందర థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటుంది. ఒంట్లో వేడి, చురుకు, నెలసరి, గొంతు అన్నీ దాని అదుపులో ఉంటాయి. నీ గోలీలు గోళ్ళకు పట్టిన బూజును చంపేవి. మంచి మందే. కానీ కొందరిలో అది ఈ గ్రంథి పని కూడా తగ్గిస్తుంది. అరుదు, అందరికీ కాదు. అందుకే ఎక్కువ రోజులు వాడితే మధ్యలో రక్తం చూస్తూ ఉండాలి. చూశారా ఎవరైనా?"

నా వేళ్ళనే ఎవరూ చూడలేదు, నా రక్తం ఎవరు చూస్తారు? రక్తం తీసుకుని హైదరాబాద్ పంపింది. గోలీ ఆపేసి కొన్నాళ్ళకు మళ్ళీ రమ్మంది.

ఆపేశానని ఇంట్లో చెప్పలేదు. మా ఆయన ఎదురుగా నిలబడితే గోలీ నాలుక కింద పెట్టుకుని, నీళ్ళు మింగి, ఆయన పోగానే ఉమ్మేదాన్ని. వాటిని పారేయలేదు. తుడిచి, ఆరబెట్టి, ఖాళీ పసుపు డబ్బాలో దాచాను. ఎందుకని అడిగితే సిగ్గు లేకుండా చెబుతాను. పొడి చేసి ఆయన చాయలో రోజుకొకటి కలపాలనుకున్నాను. దంచడానికి రోలు నాదే, చాయ కాచే చెయ్యి నాదే. ఆయనకు మే నెలలో చలి పుట్టాలి, గల్లాపెట్టె ముందర నిద్రపోవాలి, అరవబోతే గాలి రావాలి. ఆయన జుట్టు నా గుప్పిట్లోకి ఎట్లా వస్తుందో కూడా ఊహించుకున్నాను. ఆ ఊహతో పొద్దుటి పని సగం తేలికయ్యేది. కానీ ఆయన మంచాన పడితే ఆయన పని కూడా నేనే చేయాలని గుర్తొచ్చి డబ్బా మూత పెట్టేశాను.

మెల్లగా నేను తిరిగొచ్చాను. ముందు చలి పోయింది, తర్వాత నిద్ర, ఆ తర్వాత గొంతు. నీళ్ళు మాత్రం అవే, నల్గొండ నీళ్ళే. మందు లేకపోవడంతో గోళ్ళు మళ్ళీ ఉబ్బడం మొదలైంది. దవాఖానకు మళ్ళీ పోతే డాక్టరమ్మ మొదటి రక్తంలో గ్రంథి పని బాగా తగ్గిందని తేలినట్టు చెప్పింది. మళ్ళీ సుత్తితో కొట్టింది. ఈసారి పాదం టక్కున దిగింది. ఆమె నవ్వింది. నేను నా వేళ్ళు చూపించి, మరి వీటి సంగతేమిటని అడిగాను.

"ఈ గోలీ ఇచ్చిన డాక్టరు నీకు ముందుగా చెప్పాల్సింది వేరే ఉంది కదమ్మా. చేతులు నీళ్ళలో పెట్టొద్దని. చేతులు పొడిగా ఉంటే తప్ప ఏ మందూ నిలవదు. చెప్పలేదా?"

చిట్యాలలో బస్సు దిగి నేరుగా వెనకవైపు నుంచే ఇంట్లోకి పోయాను. స్వరూప తొట్టి ముందర కూర్చుని పళ్ళేలు కడుగుతోంది. దాని చెయ్యి పట్టుకుని వేళ్ళు విడదీసి చూశాను. సందులు తెల్లగా నాని చీలి ఉన్నాయి. నేను కొంగుతో దాని చేతులు ఒక్కొక్క వేలూ తుడిచి, "లే బిడ్డా, ఇక్బాల్ బీ ఇంటికాడ కూసో" అని పంపేశాను. తర్వాత మూకుడు దగ్గర నిలబడ్డ మా ఆయన దగ్గరికి పోయాను.

"గా చర్మం డాక్టరు నీళ్ళల్ల చెయ్యి పెట్టొద్దని చెప్పిండా?"

ఆయన వడ తిప్పుతూనే ఉన్నాడు. తడుముకోలేదు, దాచుకోలేదు. దాచాల్సిన సంగతి అని కూడా అనుకోలేదు.

"చెప్పిండు. మరి గిన్నెలు ఎవలు తోముతరు, మీ బాపొచ్చి తోముతడా? గందుకే గద గోలీలు తెచ్చింది."

మంచం మీంచి మా అత్త, "పిల్లనెందుకు లేపినవే? పళ్ళేలు గట్లనే ఉన్నయి" అని కేకేసింది. డాక్టరు దగ్గర్నుంచి ఈ ఇంటికి రెండు మాటలు వచ్చాయి, ఒకటి మందు, ఒకటి చేతులకు విశ్రాంతి. విశ్రాంతిని మా ఆయన నల్గొండ బస్టాండులోనే వదిలేసి మందును మాత్రం తెచ్చాడు. దాన్ని నాకు మింగబెట్టి, నేను మందగిస్తే కాల్చి, నా బిడ్డను నా జాగాలో కూర్చోబెట్టాడు.

"అది ఇగ తోమదు. నేను గూడ తోమ" అన్నాను. నా గొంతు ముందరి బల్లలదాకా పోయింది, తింటున్నవాళ్ళు తలలెత్తారు.

ఆయన జల్లిగంటె ఎత్తాడు. ఎత్తిన చెయ్యిని నేను మణికట్టు దగ్గర పట్టుకున్నాను, అచ్చం ఆయన నన్ను పట్టుకున్నట్టే. రోలు తిప్పిన చెయ్యి అది, దాని బలం నాకూ అప్పుడే తెలిసింది. మెలితిప్పి గంటె లాక్కున్నాను. దాని చివరి నుంచి కాగిన నూనె ఆయన పాదం మీద బొట్టు పడింది. ఆయన కేకవేసి గంతువేశాడు. పక్కనే మూకుడు నిండా నూనె మరుగుతోంది. ఆయన ఒకసారి దాని వంక, ఒకసారి నా వంక చూశాడు. ఎత్తి పోయాలని నా చేతులు లాగుతున్నాయి, ఆ సంగతి ఆయనకు కనబడుతోంది. ఆ చూపులో భయాన్ని నేను గుర్తుపట్టాను. ఇన్నాళ్ళూ నేను మోసినదే అది.

పోయలేదు. గంటెను మూకుడులో పడేసి, లోపలికి పోయి పసుపు డబ్బా తెచ్చాను. తొట్టి పక్కన, ఎంగిలి పళ్ళేల గుట్ట మీద ఠపీమని పెట్టి మూత తీశాను.

"గీ గోలీలు నీళ్ళల్ల చెయ్యి పెట్టేటోళ్ళు మింగేటివి. దగ్గర పెట్టుకో, ఇగ నీకే పనికొస్తయి."